‘టెంపర్’ అనే మాట: కొలిమిలోనూ, కోపంలోనూ

అందరికీ నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. టెంపర్. మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తితే చాలు. ఉక్కుని టెంపర్ చేస్తే గట్టిపడుతుందా, మెత్తబడుతుందా? గట్టిపడుతుంది అనేవాళ్ళు చేతులెత్తండి. సరే, దాదాపు హాలంతా. మెత్తబడుతుంది అనేవాళ్ళు? వెనక వరసలో ఒకరిద్దరు. మీరు వర్క్‌షాపులో పనిచేసినవాళ్ళే అయ్యుంటారు.

వాళ్ళు చెప్పిందే సరైన జవాబు. టెంపర్ చేస్తే ఉక్కు గట్టిదనం తగ్గుతుంది. తగ్గించడానికే టెంపర్ చేస్తారు. మరి ఇంతమందిమి తిరగేసి ఎందుకు అనుకుంటున్నాం? అందులో మన తప్పేమీ లేదండీ. ఆ మాటే వందల ఏళ్ళలో చోటు మారింది. ఒక పని పేరు పక్క పని మీదకి జరిగింది. అది ఎలా జరిగిందో చెప్పాలనే ఈ ప్రసంగం. అయితే మాట కన్నా ముందు పని చూద్దాం. పని చూడకుండా పనివాళ్ళ మాట అర్థం కాదు.

ఇనుము కోసే చీజిల్ ఒకటి తీసుకోండి. అందులో కార్బన్ సుమారు 0.8 శాతం నుంచి 1 శాతం దాకా ఉంటుంది. దాని కొనని కొలిమిలో పెట్టి ఎర్రగా కాలుస్తాం. చెర్రీ ఎరుపు అంటారు, సుమారు 780 డిగ్రీల సెల్సియస్. పట్టకారుతో తీసి కొన వైపు ఒక అంగుళం మేర నీళ్ళలో ముంచుతాం. ముంచి కదలకుండా పట్టుకోకూడదు. పైకీ కిందికీ కొద్దిగా ఆడిస్తూ ఉండాలి. లేకపోతే నీటి మట్టం దగ్గర గీత గీసినట్టు చల్లారి, ఆ గీత వెంబడే పగులుతుంది. ఇది క్వెంచింగ్. ఇప్పుడా కొన ఎంత గట్టిగా ఉందంటే ఆకురాయి దాని మీద జారిపోతుంది. ఒక్క గీత పడదు. కానీ సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే గాజులా పెళుసుగా ముక్క ఎగిరిపోతుంది. గట్టిగా ఉంది, పనికి రాదు. చూశారా, గట్టిదనం ఒక్కటే ఉంటే సరిపోదు.

ఇప్పుడు అసలు కథ. కొన చల్లారింది కానీ వెనక భాగం ఇంకా వేడిగానే ఉంది. వెంటనే సాన రాయి ముక్కతో కొన మీద రుద్ది, మసి పోగొట్టి, వెండిలా మెరిసేలా చేస్తాం. తర్వాత ఊరికే చూస్తూ నిలబడాలి. వెనక ఉన్న వేడి మెల్లగా కొన వైపు పాకుతుంది. దాంతోపాటు మెరిసే ఉక్కు మీద రంగులు నడుచుకుంటూ వస్తాయి. ముందు లేత గడ్డి రంగు, అంటే దాదాపు 230 డిగ్రీలు. దాని వెనక ముదురు గడ్డి రంగు. తర్వాత గోధుమ రంగు, 255 దగ్గర. తర్వాత ఊదా, 275 నుంచి 280. ఆ వెనక నీలం, 300 దగ్గర. ఒకదాని వెనక ఒకటి, వరసగా, కొన వైపుకి. చీజిల్‌కి ఊదా కావాలి. ఊదా రంగు అంచుని తాకగానే మొత్తం నీళ్ళలో ముంచెయ్యాలి. ఆలస్యం చేస్తే నీలం వచ్చేస్తుంది, చీజిల్ మెత్తబడి అంచు వంగుతుంది. ముందే ముంచితే పెళుసుదనం పోదు. ఆ మధ్యలో దొరికేది కొద్ది సెకన్లే. నేను హీట్ ట్రీట్‌మెంట్‌లో చాలా కాలం పనిచేశాను. కొలతలన్నీ చూపించే ఫర్నేసులు వచ్చాక కూడా, ఆ రంగులు నడిచి రావడం చూడాలంటే నాకు ఇప్పటికీ ఉత్సాహమే.

ఈ రంగులు ఉక్కులోంచి వచ్చేవి కావు. పైన పట్టే ఆక్సైడ్ పొర మందంగా మారేకొద్దీ, ఆ పొరలో వెలుగు ఆడే ఆట అది. నీటి మీద నూనె పొరలో రంగులు కనిపిస్తాయి చూడండి, అదే సూత్రం. 1665లోనే రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ రంగులకి పల్చటి పొరే కారణమని రాశాడు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రంగు వేడికి గుర్తే గానీ అదే కొలత కాదు. ఎక్కువసేపు వేడిలో ఉంచితే తక్కువ డిగ్రీలకే రంగు ముదురుతుంది.

మరి లోపల ఏం జరుగుతోంది? ఎర్రగా కాలినప్పుడు కార్బన్ ఇనుములో కరిగిపోతుంది. మెల్లగా చల్లారితే బయటికి వచ్చి సర్దుకునేది. నీళ్ళలో ముంచడంతో దానికి టైమ్ ఇవ్వలేదు. ఎక్కడిది అక్కడే ఇరుక్కుపోయింది. ఇనుము అమరిక ఒక పక్కకి సాగి బిగుసుకుపోయింది. దీన్ని మార్టెన్‌సైట్ అంటారు. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్లోరిస్ ఆస్మండ్ పెట్టిన పేరు అది. మళ్ళీ కొద్దిగా వేడి చేస్తే, ఆ ఇరుక్కున్న కార్బన్‌లో కొంత సన్నటి కార్బైడ్ రేణువులుగా బయటికి వస్తుంది. బిగువు కొంత సడలుతుంది. కొంత గట్టిదనం వదులుకున్నాం, దానికి బదులు దెబ్బకి తట్టుకునే గుణం సంపాదించుకున్నాం. ఎంత వదులుకోవాలి, ఎంత సంపాదించాలి అనేది పనిముట్టుని బట్టి. క్షవరం కత్తికి లేత గడ్డి రంగు చాలు. స్ప్రింగుకి నీలం దాకా పోవాలి.

ఈ “ఎంత” అనే ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఆ మాట పుట్టిందే ఈ ప్రశ్నలోంచి.

లాటిన్‌లో టెంపెరారే అనే క్రియ ఉంది. దాని అర్థం తగిన పాళ్ళలో కలపడం. రోమన్లు ద్రాక్షసారాలో నీళ్ళు కలుపుకుని తాగేవారు, ఆ కలపడానికి ఈ మాటే. అక్కడి నుంచి అదుపులో పెట్టడం, అతి కాకుండా చూడడం అనే అర్థాలు వచ్చాయి. ఇది పాత ఇంగ్లీషులోకి టెంప్రియన్ అనే రూపంలో వచ్చింది. అప్పటికి దానికీ లోహానికీ సంబంధం లేదు. కలపడం, తగ్గించడం, అంతే. ఉక్కుకి ఈ మాట వాడడం 14వ శతాబ్దం చివరికి ఇంగ్లీషులో కనిపిస్తుంది.

పాళ్ళు కుదిర్చి కలపడం అనే అర్థం ఎక్కడెక్కడ మిగిలిందో చూడండి. రంగుల్లో గుడ్డు పచ్చసొన కలిపి వేసే చిత్రాలని టెంపెరా అంటారు, ఇటాలియన్ మాట, ఇదే మూలం. గోడలకి వేసే డిస్టెంపర్ మీ అందరికీ తెలుసు. ఆ పేరు కూడా నానబెట్టడం, నీళ్ళలో కలపడం అనే పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, యెహెజ్కేలు గ్రంథంలో, “అన్‌టెంపర్డ్ మోర్టార్” అని ఉంటుంది. అంటే పాకం కుదరని గార. గోడ కట్టారు, పైన పూశారు, వాన వస్తే నిలవదు. అక్కడ టెంపర్ అంటే కోపమూ కాదు, కొలిమీ కాదు, గార సరిగ్గా కలపడం.

మట్టి సంగతి ఇంకా బాగుంటుంది. కుండలు చేసే మట్టిని నీళ్ళు కలిపి పిసికి, సాగేలా తయారుచేయడాన్ని ఇంగ్లీషులో టెంపరింగే అంటారు. పురావస్తు శాస్త్రజ్ఞులైతే ఆ మాటని నామవాచకంగా వాడతారు. మట్టిలో కలిపే ఇసుక, గడ్డి, పాత కుండపెంకుల పొడి, ఇవన్నీ వాళ్ళ భాషలో టెంపర్. అది కలపకపోతే ఎండేటప్పుడూ కాలేటప్పుడూ కుండ పగులుతుంది. అమెరికాలో మిసిసిపీ నది లోయలో పాతకాలపు కుండల్లో ఆల్చిప్పల పొడి కలిపేవారు. తవ్వకంలో దొరికిన పెంకు అంచుని భూతద్దంతో చూసి, ఇది ఏ టెంపర్ అని చెబుతారు. దాన్ని బట్టి ఎవరు చేశారో, ఏ కాలమో అంచనా వేస్తారు.

ఇక్కడ మన మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. పదును. కత్తికీ పదునే, దున్నడానికి తగినంత తడి ఉన్న నేలకీ పదునే. మట్టినీ ఉక్కునీ ఒకే మాటతో కొలవడం మనకి కొత్త కాదు. తెలుగు వచ్చినవాళ్ళకి టెంపర్ అనే మాట అసలు అర్థం పట్టుకోవడం ఇంగ్లీషు వాళ్ళ కన్నా తేలిక అని నా నమ్మకం.

సరే, మట్టి దాకా వచ్చాం. మనిషి సంగతేమిటి? “వాడికి టెంపర్ ఎక్కువ” అంటాం కదా, అది ఎక్కడిది?

పాత యూరపు వైద్యంలో ఒక సిద్ధాంతం ఉండేది. 2వ శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు దాన్ని బాగా స్థిరపరిచాడు. శరీరంలో నాలుగు ద్రవాలు: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. ఈ నాలుగూ ఏ పాళ్ళలో కలిశాయో దాన్ని బట్టి మనిషి. ఆ కలయికకి లాటిన్‌లో టెంపెరామెంటుమ్ అని పేరు. టెంపరమెంట్ అంటే అదే. మనిషి కూడా ఒక మిశ్రమమే అన్నమాట. పాళ్ళు చెడితే డిస్టెంపర్, అంటే జబ్బు. కుక్కలకి వచ్చే డిస్టెంపర్ అనే జబ్బు పేరులో ఆ పాత వైద్యం ఇంకా బతికే ఉంది. గోడ రంగు డిస్టెంపర్, కుక్క జబ్బు డిస్టెంపర్, రెండింటికీ ఒకటే వేరు. టెంపరేచర్ కూడా మొదట మిశ్రమం, సమపాళ్ళు అనే అర్థంలోనే వాడేవారు. వేడి ఎంత అనే అర్థం 17వ శతాబ్దంలో స్థిరపడింది.

కాబట్టి మనిషి టెంపర్ అంటే మొదట అతని మిశ్రమం, అతని స్వభావం. 17వ శతాబ్దంలో ఇంకాస్త ముందుకి పోయి, ప్రశాంతత అనే అర్థం కూడా వచ్చింది. అవును, ప్రశాంతత! “కీప్ యువర్ టెంపర్” అంటే ఏమిటి? నీ నిదానాన్ని నిలుపుకో అని. “హి లాస్ట్ హిజ్ టెంపర్” అంటే? ఒక్క క్షణం ఆలోచించండి. టెంపర్ అంటే కోపం అయితే, టెంపర్ పోయిందంటే కోపం పోయిందని అర్థం రావాలి. కానీ మనం దానికి కోపం వచ్చిందని చెప్పుకుంటాం. పోయింది సమతూకం. తర్వాత “బ్యాడ్ టెంపర్”లో బ్యాడ్ రాలిపోయి, 19వ శతాబ్దం తొలి భాగానికి ఒట్టి టెంపర్ అన్నా కోపమే అయింది. ఇలా ఒకే మాట ప్రశాంతతకీ, కోపానికీ రెండింటికీ పేరై కూర్చుంది. మనం ఆ రెండో దాన్నే తెచ్చుకున్నాం.

కమ్మరి పనికీ మనిషి స్వభావానికీ ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒక్క మాటతో ఆగలేదు. సత్తా, ధైర్యం అనే అర్థంలో ఇంగ్లీషులో మెటిల్ అనే మాట ఉంది. అది మెటల్ అనే మాటే, స్పెల్లింగ్ వేరు చేశారు, అంతే.

సంగీతం తెలిసినవాళ్ళ కోసం ఒక్క మాట. పియానో మీద పంచమాన్ని శుద్ధంగా, 3:2 నిష్పత్తిలో పెట్టుకుంటూ పన్నెండు మెట్లు పోతే, ఏడు స్థాయిలు దాటి కాస్త పైకి తేలుతుంది. ఆ మిగులుని పన్నెండు పంచమాలకీ పంచి, ఒక్కొక్కటీ అర్ధస్వరంలో యాభయ్యో వంతు తగ్గిస్తారు. దీన్ని ఈక్వల్ టెంపరమెంట్ అంటారు. శుద్ధతని కొంచెం వదులుకుని, అన్ని శ్రుతుల్లోనూ వాయించగలగడం సంపాదించుకోవడం. చీజిల్‌లో జరిగింది ఇదే కదూ?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఉక్కు విషయంలో తలకిందులు ఎలా జరిగింది?

పాతకాలంలో కమ్మరికి క్వెంచింగ్ వేరు, టెంపరింగ్ వేరు అని మాటలు విడిగా ఉండేవి కావు. కాల్చి, ముంచి, కావలసిన స్థితికి తేవడం మొత్తం కలిపి టెంపర్. అందులో అందరి కళ్ళూ నీళ్ళ మీదే ఉండేవి. 1వ శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత, స్పెయిన్‌లో బిల్బిలిస్, టురియాసో, ఇటలీలో కోముమ్ అనే ఊళ్ళు, దగ్గర్లో ఇనుప గనులు లేకపోయినా ఇనుప పనికి పేరు తెచ్చుకున్నాయని, దానికి అక్కడి నీళ్ళే కారణమని రాశాడు. సన్నటి పనిముట్లని నూనెలో చల్లార్చేవారని, నీళ్ళలో అయితే పెళుసెక్కుతాయని కూడా ఆయనే చెప్పాడు. ఇది మాత్రం అక్షరాలా నిజం. నూనె వేడిని నీళ్ళంత జోరుగా లాగదు. ఇవాళ్టికీ చాలా ఉక్కులని నూనెలోనే ముంచుతాం.

షేక్‌స్పియర్ ఒథెల్లో నాటకం చివర్లో, 1623లో ఆయన నాటకాలన్నీ కలిపి అచ్చువేసిన ఫోలియో ప్రతిలో, ఒథెల్లో తన కత్తిని స్పెయిన్ కత్తి అని, “ఐస్ బ్రుక్స్ టెంపర్” అని వర్ణిస్తాడు. మంచుగడ్డ కట్టే సెలయేటి టెంపర్. చల్లటి నీళ్ళలో ముంచి తీసిన కత్తి అని. చూడండి, ఇక్కడ టెంపర్ అంటే మనం ఇవాళ క్వెంచింగ్ అనేది! ఆనాటి ప్రేక్షకుడిని నేను ఇందాక అడిగిన ప్రశ్న అడిగితే, గట్టిపడుతుంది అని చెప్పేవాడు. అప్పటికి అది సరైన జవాబే.

ఫ్రెంచి వాళ్ళు ఆ పాత అర్థాన్ని ఇప్పటికీ వదలలేదు. టెంపెరారే వాళ్ళ నోట్లో ట్రాంపే అయింది, అంటే ముంచడం, నానబెట్టడం. ఉక్కుని ట్రాంపే చేయడమంటే క్వెంచ్ చేసి గట్టిపరచడం. మరి మనం టెంపరింగ్ అనే రెండో పనిని వాళ్ళేమంటారు? రవ్‌న్యూ. వెనక్కి వచ్చినది అని అర్థం. మనం రోజూ వాడే రెవెన్యూ అనే మాట ఇదే, తిరిగి వచ్చిన ఆదాయం. ఉక్కు తన మునుపటి మెత్తదనం వైపు కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి ఆ పేరు. ఎంత చక్కటి పేరో! ఇటాలియన్, స్పానిష్ భాషల్లోనూ ఇంతే. టెంప్రా, టెంప్లే అంటే క్వెంచింగ్. అంటే లాటిన్ అక్కచెల్లెళ్ళు ఈ ముగ్గురూ ఆ మాటని మొదటి పనికి ఉంచుకున్నారు. ఇంగ్లీషు ఒక్కటే, రెండు పనులకీ విడివిడిగా పేర్లు కావలసి వచ్చినప్పుడు, గట్టిపరచడానికి హార్డెన్ అనే మాట తీసుకుని, టెంపర్‌ని రెండో పనికి జరిపింది. నన్నడిగితే, జరపడమే న్యాయం. పాళ్ళు కుదర్చడం, అతిని తగ్గించడం జరిగేది ఆ రెండో పనిలోనే.

అయితే జరిగినా పూర్తిగా జరగలేదు. ఫోనుకి వేసే టెంపర్డ్ గ్లాస్ సంగతి చూడండి. అసలు టెంపర్డ్ గ్లాస్ అంటే, గాజుని 600 డిగ్రీలు దాటించి, రెండు పక్కలా చల్లటి గాలి జోరుగా కొట్టడం. పై పొర ముందు గడ్డకడుతుంది. లోపలి భాగం తర్వాత చల్లారి కుంచించుకుంటూ పై పొరని లోపలికి లాగి నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్లే దానికి బలం. కారు పక్క అద్దాలు అలాంటివే, పగిలితే చిన్న చిన్న గుళ్ళలా రాలతాయి. ఫోను గార్డులు చాలావరకూ వేరే రకం. కరిగిన పొటాషియం ఉప్పులో ముంచి, సోడియం ఉన్నచోట పెద్ద పొటాషియంని ఇరికిస్తారు. ఏది ఏమైనా, ఉక్కు టెంపరింగ్ లోపలి ఒత్తిళ్ళని తగ్గిస్తుంది, గాజు టెంపరింగ్ ఒత్తిళ్ళని కావాలని పెడుతుంది. పేరు ఒకటే, పని అడ్డం తిరిగింది. ఎందుకంటే 1874లో దీనికి పేటెంటు తీసుకున్న ద లా బాస్తీ ఫ్రెంచివాడు. వేడి గాజుని వేడి నూనెలో ముంచాడు. ఆయన భాషలో అది ట్రాంపే చేసిన గాజు, ముంచిన గాజు. ఆయన మాట ఆయనకి సరిగ్గానే ఉంది. బ్రిటన్‌లో దీన్ని టఫెన్డ్ గ్లాస్ అనడమే ఎక్కువ, ఆ పేరుతో ఈ చిక్కు లేదు.

అల్యూమినియం దగ్గరికి వస్తే మూడో రకం. 6061-టి6 అని రాడ్ మీద చూసే ఉంటారు. 6061 అనేది మిశ్రమలోహం నంబరు, ఆ టి6ని టెంపర్ అంటారు. వేడి చేసి, ముంచి, మళ్ళీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచి గట్టిపరిచినది అని. “ఓ” టెంపర్ అని ఇంకొకటి ఉంది, అది పూర్తిగా మెత్తబరిచినది. మెత్తదీ టెంపరే, గట్టిదీ టెంపరే. ఇక్కడ టెంపర్ అంటే ఒట్టి స్థితి. పాత వైద్యుడు మనిషి టెంపర్ ఏమిటని అడిగినట్టే, లోహం టెంపర్ ఏమిటని అడుగుతున్నాం.

ఇక్కడ కుర్ర ఇంజినీర్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. డ్రాయింగ్ మీద “టెంపర్డ్” అని ఒక్క మాట రాసి పంపకండి. మీ ముక్క వేరే దేశంలో తయారైతే ఆ మాట ట్రాంపేగా మారి, ముంచడంతో పని అయిపోయిందని వాళ్ళు అనుకోవచ్చు. మీకు వచ్చేది పెళుసు ముక్క. హార్డెన్ అండ్ టెంపర్ అని రెండూ రాయండి. దాని పక్కన రాక్‌వెల్ గట్టిదనం, అంటే గట్టిదనాన్ని కొలిచే అంకె, ఎంత నుంచి ఎంత వరకూ ఉండాలో అంకెల్లో రాయండి. షాపు ఫ్లోర్‌లో ఉన్నవాళ్ళకి ఇంకొకటి. ముంచి తీసిన ముక్కని రేపు చూద్దాంలే అని బల్ల మీద వదిలేయకండి. చేతికి ఇంకా వెచ్చగా తగులుతుండగానే అది టెంపరింగ్ ఫర్నేసులోకి వెళ్ళిపోవాలి. లోపలి బిగువు తట్టుకోలేక, ఎవరూ ముట్టుకోకుండానే రాత్రికి రాత్రి పగిలే ముక్కలుంటాయి. ఇక మీ ప్రశ్నలు అడగండి.